నావ మీద నీడ



వేసవి దగ్గర పడగానే మన రేవు ఊళ్లలో ఒక బేరం మొదలవుతుంది. కాకినాడ జగన్నాథపురం కానివ్వండి, నరసాపురం కానివ్వండి, బందరు పక్కన గిలకలదిండి కానివ్వండి, టార్పాలిన్లు అమ్మే కొట్టుకి పడవల వాళ్లు వస్తారు. బోటు మీద పందిరికి గుడ్డ కావాలంటారు. కొట్టాయన నాలుగు రకాలు దులిపి పరుస్తాడు. వచ్చినాయన ఒక దాన్ని ఎంచి, నలుగురి చేత నాలుగు కొసలు పట్టించి, మధ్యలో చెంబుడు నీళ్లు పోయిస్తాడు. అడుగున చెయ్యి పెట్టి తడుముతాడు. తడి తగల్లేదా, సరుకు మంచిదే. డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, చుట్ట భుజాన వేసుకుని వెళ్లిపోతాడు.

ఆ పరీక్ష అక్కర్లేదని అనను. కానీ మన కోస్తాలో ఏడాదికి వాన పడే రోజులెన్ని, ఎండ కాసే రోజులెన్ని? పడవ మీద కట్టిన గుడ్డని తినేసేది ఎండ. ఎండ తర్వాత గాలి. వాన మూడోది. ఈ వరస మనసులో పెట్టుకుని కొట్టుకి వెళ్తే చెంబు నీళ్లతో తేలని ప్రశ్నలు చాలా ఉంటాయి. ఈ పూట ఆ ప్రశ్నల గురించే మాట్లాడతాను.

ముందు ఎండ సంగతి. రాజమండ్రి పదిహేడో అక్షాంశం మీద ఉంది. అంటే మే నెల రెండో వారంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. మళ్లీ ఆగస్టు మొదట్లోనూ వస్తాడు గానీ, అప్పటికి మబ్బులు అడ్డం ఉంటాయి. అతినీలలోహిత కిరణాల తీవ్రత చెప్పడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల సూచిక ఒకటి ఉంది. అది 11కి చేరిందంటే అత్యంత తీవ్రం అని లెక్క. మన వేసవి మధ్యాహ్నాల్లో 11 దాటడం వింతేమీ కాదు. ఒడ్డున ఉన్నవాడికి గోడ వారనో చెట్టు కిందో ఇంత చోటు దొరుకుతుంది. ఏటి నడుమ ఉన్నవాడికి ఆ పందిరి ఒక్కటే దిక్కు. దానికి తోడు కిరణాలు కింది నుంచి కూడా కొడతాయి. పొడి ఇసుక 15 శాతం దాకా, సముద్రపు నురగ 25 శాతం దాకా ఈ కిరణాల్ని తిరగ్గొడతాయని అదే సంస్థ చెబుతోంది. రోజంతా పందిరి కిందే కూర్చున్న సరంగుకి కూడా మొహం నల్లబడుతుందంటే ఇదీ ఒక కారణం.

మనిషి చర్మాన్ని కాల్చే ఆ కిరణాలే గుడ్డలో పోగుని కూడా కొరికేస్తాయి. నైలాన్, పాలిథిన్, పాలియెస్టర్, ఏదైనా సరే, పొడుగాటి అణువులు గొలుసుకట్టుగా అల్లుకుని ఉన్న పదార్థమే. అతినీలలోహిత కిరణం ఆ గొలుసుని ఎక్కడికక్కడ తెంపుతుంది. పైకి ఏమీ తెలియదు. రంగు కొంచెం వెలిసినట్టుంటుంది. ఒకరోజు కాస్త గట్టిగా లాగేసరికి పాత కాగితం చిరిగినట్టు చిరుగుతుంది. మామూలు పాలీప్రొపిలీన్‌కి ఈ జబ్బు తొందరగా వస్తుంది. నైలాన్‌కి బలం ఎక్కువే గానీ ఎండకి ఓర్పు తక్కువ. పాలియెస్టర్ నయం. అక్రిలిక్ వీటన్నిటికంటే ఓర్చుకుంటుంది. పాలిథిన్‌లో కూడా తయారుచేసేటప్పుడు ఎండని తట్టుకునే మందు కలిపినది వేరు, కలపనిది వేరు. అందుకని కొట్టులో అడగవలసిన మొదటి ప్రశ్న నీళ్లు ఆగుతాయా అని కాదు, ఇందులో యూవీ స్టెబిలైజర్ కలిపారా అని. కంపెనీ సరుకైతే చుట్ట మీదో చీటీ మీదో రాసి ఉంటుంది.

ఇక మన కొట్లలో దొరికే రకాలు చూద్దాం.

అన్నిటికంటే చవక, అందరికీ తెలిసినది, ధాన్యం మీద కప్పే బరకం. హెచ్‌డీపీఈ అనే గట్టి పాలిథిన్‌ని సన్నటి పట్టీలుగా కోసి నేస్తారు. దానికి రెండు వైపులా పల్చటి పాలిథిన్ పొర అతికిస్తారు. దీనికి భారతీయ ప్రమాణాల సంస్థ పెట్టిన నంబరు ఐఎస్ 7903. ఆ నంబరు, దాని పక్కన ఐఎస్ఐ ముద్ర ఉన్నది తీసుకుంటే కొంత భరోసా. చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందో అదే జీఎస్ఎం. బరకం కొనేటప్పుడు కొలతలతో పాటు ఈ అంకె కూడా అడగండి. ఒకే పొడవు, ఒకే వెడల్పు ఉన్న రెండు బరకాల్లో ఒకటి సగం ధరకి వస్తోందంటే బరువులో తేడా ఉందన్నమాట. అయితే బరకాన్ని కళ్లంలో కుప్ప మీద కప్పడానికి చేశారు. కుప్పకి ఆనుకుని కదలకుండా ఉంటుంది కాబట్టి అక్కడ మన్నుతుంది. బోటు మీద నాలుగు గుంజలకి కట్టి గాలిలో వదిలితే పొద్దస్తమానం పటపటా కొట్టుకుంటుంది. ఆ కొట్టుకోవడంలోనే పైపొర లేచిపోతుంది, పట్టీలు విడిపోతాయి. నీలం పోగులు నీళ్లలో రాలి చేపల కడుపుల్లోకి పోవడం మరో పాపం. ఒక్క వేసవికి చాలనుకుంటే కొనుక్కోండి. రెండో వేసవికి కూడా అదే ఉండాలనుకుంటే మాత్రం కొనకండి.

రెండోది లారీల మీద, ఆటో టాపుల మీద కనిపించే పీవీసీ గుడ్డ. లోపల పాలియెస్టర్ నేత, పైన పీవీసీ పూత. నీళ్లు ఒక్క చుక్క దిగవు, గట్టిగా ఉంటుంది, కుట్టేవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. కానీ బరువు. లారీలకి వాడే రకం చదరపు మీటరుకి ఆరువందల గ్రాములకి అటూ ఇటూ ఉంటుంది. చిన్న పడవకి ఆ బరువు నెత్తిమీద పెట్టడం మంచిది కాదు. ఇంకొక సంగతి, అది ఊపిరి పీల్చదు. కింద వేడి కిందే ఉండిపోతుంది. తెల్లవారుజామున అడుగున చెమ్మ పట్టి పడుకున్నవాళ్ల మీద బొట్లు బొట్లుగా రాలుతుంది. పీవీసీ మెత్తగా ఉండడానికి కలిపే మందు ఎండకి క్రమంగా ఆవిరైపోతుంది. అప్పుడు గుడ్డ బిరుసెక్కి మడత పెట్టిన చోటల్లా పగులుతుంది. పాత ఆటో టాపు ఏదైనా చూడండి, ఆ పగుళ్లు ముందు మడతల దగ్గరే మొదలవుతాయి.

మూడోది నూలు కాన్వాసు. నాకు దీని మీద కొంచెం పక్షపాతం ఉంది, దాచను. దాని కింద కూర్చున్నంత చల్లగా మరి దేని కిందా ఉండదు. గాలి ఆడుతుంది, వేడి దిగదు, చప్పుడు చెయ్యదు. వాన పడితే పోగు ఉబ్బి రంధ్రాలు వాటంతటవే మూసుకుంటాయి. అయితే దాన్ని మనిషిలా సాకాలి. తడిస్తే రెట్టింపు బరువు. తడిగా చుట్టిపెడితే బూజు పట్టి నల్ల మచ్చలు వచ్చి కుళ్లుతుంది. తడిసినప్పుడు బిగుసుకుంటుంది కాబట్టి పగలు బిర్రుగా కట్టిన కాన్వాసు రాత్రి మంచుకి ఇంకా బిగిసి రింగులు పీకేస్తుంది. వెనకటి వాళ్లు నూలు వలలకి చెట్టు బెరడు కాచిన రసం పట్టించి కుళ్లకుండా కాపాడుకునేవారు. ఆ ఓపిక ఈ రోజుల్లో ఎవరికుంది? రోజూ సాయంత్రం విప్పి ఆరబెట్టే మనిషి ఉంటే కాన్వాసు కొనండి. లేకపోతే ఆశపడకండి.

నాలుగోది అక్రిలిక్. బయటి దేశాల పడవల మీద నీలం రంగో గోధుమ రంగో బిగుతుగా లాగి కట్టిన టాపులు సినిమాల్లో చూసే ఉంటారు. వాటిలో ఎక్కువ భాగం ఇదే. అమెరికాలో గ్లెన్ రేవెన్ అనే మిల్లు 1961లో సన్‌బ్రెల్లా అన్న పేరుతో దీన్ని తెచ్చింది. మొదట్లో దుకాణాల ముందు వేసే పందిళ్లకి, తర్వాత పడవలకి. దీని గొప్పంతా రంగు వేసే పద్ధతిలో ఉంది. నేసిన గుడ్డని రంగులో ముంచరు. పోగు తీయకముందే, ద్రవంగా ఉన్నప్పుడే రంగు కలిపేస్తారు. రంగు పోగు నడిబొడ్డు దాకా ఉంటుంది కాబట్టి ఏళ్ల తరబడి ఎండలో ఉన్నా వెలవదు. పడవలకి వాడే రకం చదరపు మీటరుకి మూడువందల గ్రాముల పైచిలుకు తూగుతుంది, అంటే లారీ పీవీసీలో సగం. గాలి ఆడుతుంది. చినుకులకి తడవదు గానీ, కుండపోతగా కురిస్తే కొంచెం చెమరుస్తుంది. ఇది కొన్నవాడు చెంబు నీళ్లు పోసి చూసి మోసపోయానని గోల చెయ్యకూడదు. అది నీడ కోసం చేసిన గుడ్డ. లోపాలూ ఉన్నాయి. రాపిడికి ఓర్చుకోదు. పందిరి గొట్టం అంచు ఎక్కడ రాసుకుంటుందో అక్కడ రెక్సిన్ ముక్కో తోలు ముక్కో అడుగున వేసి కుట్టించాలి. అన్నిటికంటే పెద్ద లోపం ధర. నాటుపడవ ఆయనకి అది అందుబాటులో లేని సరుకు. టూరిస్టుల్ని తిప్పే బోట్ల యజమానులకి మాత్రం చెబుతాను, బరకాలు ఏడాదికొకటి చొప్పున మార్చిన ఖర్చు, కుట్టు కూలి కలిపి ఒక కాగితం మీద వేసుకుని చూడండి. అదే పద్ధతిలో రంగు కలిపిన పాలియెస్టర్ గుడ్డలు కూడా ఉన్నాయి. సాగవు, తేలిక. అడిగి చూడండి.

అయిదోది షేడ్ నెట్. నర్సరీల మీద, ఆక్వా చెరువుల గట్ల మీద కనిపించే ఆకుపచ్చ వల. 50 శాతం, 75 శాతం, 90 శాతం అని అమ్ముతారు. ఆ అంకె ఎండలో ఎంత ఆపుతుందో చెబుతుంది. వాన ఆగదు. అందుకని చాలామంది పడవకి ఇది పనికిరాదంటారు. నేను ఒప్పుకోను. కొల్లేట్లో, పులికాట్‌లో, కోరంగి మడ అడవుల పాయల్లో పగటిపూట తిరిగే చిన్న పడవకి 75 శాతం నెట్‌ని మించినది లేదు. గాలి దాని గుండా సాగిపోతుంది కాబట్టి పడవని పట్టి తిప్పదు. కింద ఉక్క ఉండదు. నీళ్లు నిలవవు. చుట్టి బల్ల కింద తోసేస్తే చోటు అడగదు. వానాకాలానికి వేరే బరకం ఒకటి మడిచి పక్కన పెట్టుకుంటే సరి. ఒకే గుడ్డ ఎండకీ వానకీ రెండింటికీ పని చెయ్యాలన్న పట్టుదలే చాలామంది చేత తప్పు గుడ్డ కొనిపిస్తుంది.

గుడ్డల సంగతి అయింది. ఇప్పుడు దారం గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే దీని గురించి ఎవరూ చెప్పరు.

కాకినాడలో సీట్లు, ఆటో టాపులు, బోటు పందిళ్లు కుట్టే పెద్దాయన ఒకరున్నారు. ఆయన దగ్గరికి ఓ కుర్రాడు పాత పందిరి చుట్ట తెచ్చి పడేశాడు. "బాబాయ్, గుడ్డ పోయింది, కొత్తది వెయ్యాలి" అన్నాడు. పెద్దాయన చుట్ట విప్పాడు. గుడ్డని రెండు చేతులా పట్టుకుని గట్టిగా లాగాడు. చిరగలేదు. తర్వాత కుట్టు మీద బొటనవేలి గోరుతో ఒక్క గీటు గీశాడు. తెల్లటి పొడి రాలింది. ఇంకో గీటుకి జానెడు కుట్టు విడిపోయి రెండు ముక్కలూ వేరైపోయాయి. "గుడ్డకేం కాలేదురా అబ్బాయ్, దారం చచ్చిపోయింది. దీన్ని మళ్లీ కుడితే ఇంకో మూడేళ్లు వస్తుంది, నాకెందుకు పుణ్యం గానీ కొత్త గుడ్డ డబ్బులు ఇస్తానంటే వద్దంటానా" అని నవ్వాడు. చివరికి దారమే మార్చాడు.

దారం ముందు పోవడానికి కారణముంది. గుడ్డలో పోగులు ఒకదాని వెనక ఒకటి దాక్కుంటాయి. కుట్టు దారం మాత్రం గుడ్డ పైన తేలి, ఎండకి ఒళ్లంతా ఇచ్చి కూర్చుంటుంది. పైగా లాగుడంతా దాని మీదే. నూలు దారం అయితే కుళ్లిపోతుంది. మెరుస్తుందనీ తెగదనీ మన కుట్టుపని వాళ్లు నైలాన్ దారం ఎక్కిస్తారు. ఎండలో దాని ఆయుష్షు తక్కువని ముందే చెప్పాను. పందిరికి లావు పాలియెస్టర్ దారం, అదీ ఆరుబయట వాడకానికి చేసినది కావాలని గట్టిగా అడగండి. టెఫ్లాన్ జాతి దారం అని ఒకటుంది. ఎండ దాన్ని ఏమీ చెయ్యలేదు. ఖరీదు ఎక్కువ, అక్రిలిక్ గుడ్డ వేయించేవాళ్లు ఆ గుడ్డకి తగ్గట్టు ఈ దారం కూడా తెప్పించుకుంటే మంచిది.

కుట్టు కూడా చూడాలి. దగ్గర దగ్గరగా కుడితే గట్టిదని మన నమ్మకం. మందపాటి గుడ్డకి అది చేటు. సూది బెజ్జాలు వరసగా పడి, పోస్టల్ స్టాంపు చించినట్టు అక్కడే చిరుగుతుంది. అంగుళానికి ఆరు, ఏడు కుట్లు చాలు. రెండు ముక్కలు కలిపేచోట అంచులు ఒకదానిలో ఒకటి మడిచి రెండు వరసలు కుట్టాలి. పైన ఉండే ముక్క కింది ముక్క మీదికి, నీళ్లు జారే వైపుకి రావాలి. రింగులు ఇత్తడివి వేయించాలి. ఇనుప రింగు ఉప్పు గాలికి తుప్పు పట్టి ఆ తుప్పుతో గుడ్డని కూడా తినేస్తుంది. రింగు వేసే చోట గుడ్డ రెండు మూడు మడతలుండాలి, లేకపోతే లోపల బెల్టు పట్టీ పెట్టాలి. గొట్టాల విషయంలోనూ అంతే. ఏట్లో తిరిగే పడవకి జీఐ పైపు నడుస్తుంది. సముద్రంలోకి వెళ్లేదానికి స్టెయిన్‌లెస్ స్టీలే పెట్టాలి, అందులోనూ 316 రకం. మామూలు 304 కంటే దానిలో మాలిబ్డినం కలిసి ఉండడం వల్ల ఉప్పుకి తట్టుకుంటుంది.

రంగు దగ్గరికి వస్తే ఇద్దరిది రెండు మాటలు. తెలుపు చల్లనంటారు. నిజమే, తెలుపు ఎండని తిప్పికొడుతుంది. కానీ పల్చటి తెల్ల గుడ్డ గుండా వెలుతురు దిగుతుంది, నీళ్ల మీది తళతళ కూడా గుడ్డ అడుగున పడి మళ్లీ కళ్లలోకి వస్తుంది. సాయంత్రానికి తలనొప్పి. ముదురు రంగు కళ్లకి హాయి, కానీ వేడెక్కి ఆ వేడిని నెత్తిమీద కుమ్మరిస్తుంది. పైన లేత రంగు, అడుగున ముదురు రంగు ఉన్న గుడ్డ దొరికితే అదే మేలు. దొరక్కపోతే ముదురు గుడ్డే తీసుకుని పందిరిని ఓ అడుగు ఎత్తు కట్టండి, మధ్యలో గాలి ఆడుతుంది. కానీ ఆ అడుగుకి హద్దుంది, దాని సంగతి గాలి దగ్గర చెబుతాను.

చేపలు పడవ మీదే బేరం పెట్టేవాళ్లకి ఒక మాట. నీలం బరకం కింద చేప మొప్పలు చూశారా? ఎర్రగా నిగనిగలాడవలసిన మొప్ప నల్లగా కమిలినట్టు కనిపిస్తుంది. కొనేవాడు వాడిపోయిన చేప అనుకుని ధర తగ్గిస్తాడు. అదే చేపని ఎండలోకి పట్టుకొస్తే రక్తం రంగు. ఆకుపచ్చ నెట్ కింద కూడా ఇదే బాధ. గోధుమ రంగు, బూడిద రంగు గుడ్డ కింద ఈ చిక్కు ఉండదు. పాపికొండలు చూడ్డానికి వచ్చి ఆకుపచ్చ పందిరి కింద ఫొటోలు దిగినవాళ్లు ఇంటికెళ్లి చూసుకుంటే అందరూ కామెర్లు వచ్చినట్టుంటారు. అది ఆ బోటు ఆయన తప్పే.

పాపికొండల మాట వచ్చింది కాబట్టి ఇంకో చిన్న సంగతి. గోదావరి అక్కడ మెలికలు తిరిగినా మొత్తం మీద వాయవ్యం నుంచి ఆగ్నేయానికి పారుతుంది. పొద్దున్న బోటు ఎదురెక్కుతుంటే ఎండ కుడివైపు వెనక నుంచి పడుతుంది. సాయంత్రం తిరిగి వస్తుంటే బోటు ముఖం తిరిగింది, సూర్యుడూ పడమటికి తిరిగాడు, కాబట్టి మళ్లీ కుడివైపే. రెండు పూటలా కుడి వరసలో కూర్చున్నవాళ్లే మాడతారు. ఆ ఒక్క వైపు నెట్ తెర ఒకటి, కావలసినప్పుడు చుట్టేసేలా వేస్తే సగం బాధ తీరుతుంది. నాలుగు వైపులా మూయడం మాత్రం వద్దు.

పందిరి పైభాగం చదునుగా ఉండకూడదు. నడుమ ఎత్తు, పక్కలకి వాలు. చదునుగా కట్టిన గుడ్డ వాన పడగానే మధ్యలో దిగుతుంది, దిగిన చోటికి ఇంకా నీళ్లు చేరతాయి. అంగుళం లోతు నీళ్లు నిలిచాయంటే చదరపు మీటరుకి పాతిక కిలోలు. మంచం ఒకటి పట్టేంత చోట నీళ్లు నిలిచినా యాభై కిలోల మనిషి నెత్తిమీద ఎక్కి, పడవ ఒరిగినప్పుడల్లా అటూ ఇటూ దొర్లుతున్నట్టు లెక్క.

సంరక్షణ గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. ఉప్పు నీళ్ల మీద తిరిగే పడవైతే వారానికోసారి మంచినీళ్లతో కడగండి. గుడ్డ మీద ఎండిన ఉప్పు గరుకై పోగుల మధ్య ఒరుసుకుంటుంది. బట్టలుతికే పొడి వద్దు, తేలిక సబ్బు నీళ్లు చాలు. కాకి రెట్టలు అదే రోజు తుడిచెయ్యండి. ఆరాక గానీ చుట్టకండి. పడవ మీద వంట చేసేవాళ్లు పొయ్యికీ గుడ్డకీ దూరం చూసుకోండి. పీవీసీ, పాలిథిన్, అక్రిలిక్, ఏదీ నిప్పుకి ఆగదు. 2018 మే నెలలో పాపికొండల దారిలో ఒక టూరిస్టు బోటు మంటల్లో చిక్కుకుంది. ప్రయాణికులు అదృష్టవశాత్తు బయటపడ్డారు.

ఇక గాలి. దీన్ని చివరికి ఉంచింది తక్కువదని కాదు.

గాలి వేగం రెట్టింపైతే దాని తోపు రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. గంటకి 36 కిలోమీటర్ల గాలి ఎదురుగా తగిలితే చదరపు మీటరు గుడ్డ మీద ఆరు కిలోల తోపు. 72 కిలోమీటర్లయితే పాతిక కిలోలు. మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు ఉన్న పందిరి గాలికి ఒక పక్క లేచి నిలబడిందనుకోండి, నూటయాభై కిలోల తోపు పడవని పక్కకి పడగొడుతోందన్నమాట. పందిరి ఎంత ఎత్తున ఉంటే ఆ తోపుకి అంత బలం. నీడ కోసం కట్టినది ఆ నిమిషంలో తెరచాప అయిపోతుంది, అదీ చుక్కాని మాట వినని తెరచాప. ఇందాక ఎత్తుకి హద్దుందన్నది ఇందుకే. మనిషి కూర్చుంటే తల తగలకుండా, చిన్న పడవలో అంతే చాలు. నిలబడి తిరిగే ఎత్తు పెద్ద లాంచీలకి. ప్రయాణికుల్ని తిప్పే మరపడవలకి 2021 నాటి ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం ప్రకారం సర్వే, రిజిస్ట్రేషన్ ఉండాలి. సర్వే అయ్యాక పైకప్పు ఎత్తు పెంచాలన్నా, కొత్త అంతస్తు మీద పందిరి వెయ్యాలన్నా ముందు సర్వే చేసిన అధికారికి చెప్పి చెయ్యండి.

2018 మే 15న దేవీపట్నం మండలం మంటూరు దగ్గర ఈదురుగాలిలో లాంచీ మునిగిపోయి గిరిజన కుటుంబాలు ఎన్నో దిక్కులేనివయ్యాయి. ఆ లాంచీ మునగడానికి గుడ్డ పందిరి కారణమని నేననడం లేదు. కానీ మన ఏట్లో వేసవి సాయంత్రపు గాలి ఎంత పని చెయ్యగలదో అది చూసినవాళ్లకి తెలుసు. గాలీ వానా కలిసి వచ్చినప్పుడు లోపలున్నవాళ్లు తడుస్తామని పక్క తెరలు దించమంటారు. దించకూడదు. దించి కట్టిన తెర గాలికి గోడ అవుతుంది, పడవ ఒరిగితే లోపలి మనిషిని బయటికి రానివ్వదు. తడిస్తే తడవనివ్వండి.

అందుకని కుట్టేవాడితో, కట్టేవాడితో ఈ ఏర్పాటు ఒకటి చేయించుకోండి. పందిరి నాలుగు మూలల తాళ్లూ జారుముడితోనే ఉండాలి. చీకట్లో, తడిచేత్తో, ఒక్క లాగుకి ఊడిరావాలి. తీగలతో బిగించి కట్టేయడం, నట్లు బోల్టులతో గుడ్డని గొట్టాలకి బిగించేయడం వద్దు. గొట్టాలకి బదులు వెదురు బద్దలు వంచి కట్టిన పందిరిలో ఒక సుఖం ఉంది, గాలికి కొంత వంగుతుంది, మరీ ఎక్కువైతే అదే విరుగుతుంది. విరిగితే బద్దే కదా పోయేది. ముడి విప్పి గుడ్డ చుట్టడం కళాసీలందరి చేతా వేసవికి ముందు ఒకసారి చేయించి చూడండి. పందిరి మొత్తం రెండు నిమిషాల్లో దిగకపోతే కట్టిన పద్ధతి మార్చండి.

ఏప్రిల్, మే నెలల్లో మన రేడియోలో వార్తలతో పాటు వాతావరణ సూచన కూడా వస్తుంది. పడవలో ఫోన్లోనైనా, చిన్న రేడియోలోనైనా అది వినండి. ఉరుములతో కూడిన ఈదురుగాలులు అన్న మాట చెవిన పడినా, ఏ మూలన మబ్బు నల్లగా లేచినా, ఎక్కినవాళ్లు ఎండ, ఎండ అని ఎంత గొణిగినా సరే, ముందు పందిరి దించెయ్యండి. ఆ తర్వాత దగ్గర్లో ఉన్న ఒడ్డుకి పట్టండి.